19 ఏళ్ల గుర్రాన్ని ఎవరైనా కొంటారా?

ఐస్‌లాండ్‌లో ఉంటున్న మనవాళ్ల నుంచి గుర్రాల గురించి ఇన్ని ప్రశ్నలు వస్తాయని నేను అనుకోలేదు. పోయిన నెల ఒక చిన్న జవాబులో మా ఇంటి గుర్రాల సంగతి ఎత్తాను, అంతే, ఈసారి ఉత్తరాల్లో సగం వాటి మీదే. అందుకే ఈ నెల వంటలూ వీసాలూ పక్కన పెట్టేశాను.

ప్రశ్న: అక్కా, మేం సెల్ఫోస్‌లో ఉంటాం. పాపకి 11, బాబుకి 7. రెండేళ్లుగా ఇద్దరూ రైడింగ్ స్కూల్‌కి వెళ్తున్నారు, ఇప్పుడు సొంత గుర్రం కావాలని ఇంట్లో ఒకటే గొడవ. రెండు చూశాం. ఒకటి ఆరేళ్లది, నిగనిగలాడుతోంది, పరుగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఇంకోటి 19 ఏళ్లది. ఆ ఇంటి పిల్లలు ముగ్గురూ దాని మీదే నేర్చుకున్నారట, వాళ్లు చదువులకి వెళ్లిపోయారని అమ్మేస్తున్నారు. నా మనసు రెండోదాని మీదే ఉంది. మావారేమో "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు, రేపోమాపో మూలపడేదానికి డబ్బెందుకు తగలేయడం" అంటున్నారు. మీరేమంటారు?
— ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: 19 ఏళ్లదే తీసుకోండమ్మా. ఈ పేజీ మీవారికి కూడా చూపించండి.

ఆయన వేసిన లెక్క వేరే జాతి గుర్రాలకి సరిపోతుందేమో గానీ వీటికి కాదు. ఐస్‌లాండ్ గుర్రం ఎదగడమే నెమ్మది. నాలుగేళ్లు వస్తేగానీ దాని మీద జీను వేయరు, ఒళ్లు పూర్తిగా కుదురుకునేసరికి ఏడేళ్లు. అంటే మీరు చూసిన ఆరేళ్లదానికి మనిషిని మోసిన అనుభవం మహా అయితే రెండేళ్లు, అది కూడా చేయి తిరిగిన శిక్షకుడిని. ఆయుష్షు మాత్రం గట్టిది. 25 దాటినవి ఇక్కడ మామూలుగా కనిపిస్తాయి, 30 చూసినవీ ఉన్నాయి, 20 దాటాక కూడా పిల్లల్ని హాయిగా తిప్పే గుర్రాలు మా చుట్టుపక్కలే నాలుగైదున్నాయి. మీ బాబు పదమూడేళ్లవాడయ్యేదాకా అది పనికొచ్చినా ఇద్దరు పిల్లలు నేర్చుకున్నట్టే కదా.

మేం చేసిన తప్పు చెప్తాను, చెప్పుకోవడానికి సిగ్గే. మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు మేం కూడా మెరిసేదాన్నే కొన్నాం. ఎర్రటి ఒళ్లు, తెల్లటి జూలు, వయసు ఐదున్నర. అమ్మినాయన "చంటిపిల్లయినా ఎక్కొచ్చు" అన్నాడు, మేం నమ్మేశాం. మార్చిలో ఒక సాయంత్రం, ఇక్కడి గాలి సంగతి మీకు తెలుసుగా, పొలం గట్టున తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డి ఉండలు వరసగా పేర్చి ఉన్నాయి, వాటిలో ఒకదాని కవరు చిరిగి టపటపా కొట్టుకుంటోంది. గుర్రం ఒక్క గెంతు పక్కకి గెంతింది. మా పిల్ల కింద ఉంది. మణికట్టు విరిగింది, ఆరు వారాలకి కట్టు తీసేశారు, కానీ మళ్లీ గుర్రం దగ్గరికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. గుర్రం తప్పేం లేదు పాపం, దానికి లోకం తెలీదు, మా పిల్లకీ తెలీదు, తెలియనివాళ్లిద్దరినీ ఒకచోట కలిపింది మేమే.

తర్వాత పక్క రైతు తన 21 ఏళ్ల ఆడ గుర్రాన్ని కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. పేరు యోర్ప్, అంటే గోధుమ రంగుది అని, ఇక్కడ చాలా గుర్రాలకి పేరు రంగును బట్టే వస్తుంది. అదే గట్టు, అవే గడ్డి ఉండలు, అదే గాలి. యోర్ప్ ఒక చెవి అటు తిప్పింది, ముక్కుతో బుస్సుమంది, నడుచుకుంటూ పోయింది. ఇంకోరోజు జీను పట్టీ వదులై పక్కకి జారిపోతే ఉన్నచోటే నిలబడిపోయింది, మా పిల్ల దిగి, విప్పి, మళ్లీ కట్టి, రెండుసార్లు తప్పుగా కట్టి, చివరికి ఎక్కేదాకా కాలు కదపలేదు. ఇలాంటిది ఏ శిక్షకుడూ ఆరు నెలల్లో నేర్పలేడు. ట్రాక్టర్లు, వంతెనలు, వాగులు, జీను మీద ఏడ్చే పిల్లలు, ఇవన్నీ పదిహేనేళ్ల పాటు చూసి చూసి వచ్చిన నిదానం అది. మీరు డబ్బు పెట్టేది దానికే.

అలాగని పెద్ద గుర్రమంటే సైకిలనుకోకండి. దానికి వేషాలు కూడా బాగా తెలుసు. పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తుంది, నాలుగడుగులేశాక వదిలేస్తుంది, పట్టీ లూజు. పగ్గం కాస్త వదులు చేస్తే చాలు తల కిందకి పెట్టి గడ్డి మేస్తుంది, పిల్ల జారుడుబల్ల మీద నుంచి జారినట్టు మెడ మీద నుంచి ముందుకి. పిల్లలు వీటితోనే గట్టిపడతారు.

ఇక కొనేముందు. దానమిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదంటారు, ఇక్కడ డబ్బు పోసి కొంటున్నాం కాబట్టి పళ్లు లెక్కపెట్టాల్సిందే. ముందు దాని రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఐ ఎస్ అక్షరాల తర్వాత వచ్చే నాలుగంకెలు పుట్టిన సంవత్సరం, దాని పక్క అంకె 1 అయితే మగది, 2 అయితే ఆడది. ఆ నంబరు వరల్డ్‌ఫెంగుర్ అనే డేటాబేస్‌లో కొడితే తల్లీతండ్రీ, పుట్టిన ఊరు అన్నీ వస్తాయి. వయసు దగ్గర ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. మీరు వెళ్లేసరికి జీను వేసి సిద్ధంగా ఉంచొద్దని చెప్పండి. పచ్చికలో నుంచి పట్టుకురావడం, కాళ్లెత్తించడం, కళ్లెం పెట్టడం అన్నీ మీ కళ్ల ముందు జరగాలి, కుదిరితే మీ పాప చేతే చేయించాలి. తర్వాత తోటి గుర్రాల నుంచి దాన్ని ఒంటరిగా దూరం తీసుకెళ్లమనండి. అక్కడే సగం గుర్రాల అసలు గుణం బయటపడుతుంది. గట్టి నేల మీద నడిపించి చూడండి. పశువైద్యుడి ఖర్చుకి మాత్రం వెనకాడొద్దు, ఈ జాతికి వెనక కాలి మడమ కీలు అరిగే జబ్బు బాగా తెలిసిందే, ఎక్స్‌రే తీయించండి. 19 ఏళ్లకి అంతో ఇంతో అరుగుదల ఉంటుంది. పిల్లల బరువుకి, తేలిక పనికి అది ఇబ్బందా కాదా అన్నదొక్కటే అడగండి.

మీవారు కూడా ఎక్కుతారా? ఈ గుర్రాలు 330 నుంచి 380 కిలోల దాకా ఉంటాయి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవడం చాలామంది పాటించే లెక్క. ఐస్‌లాండ్‌లో నిండు మనుషులు రోజంతా వీటి మీద తిరుగుతారు, నిజమే, కానీ 19 ఏళ్లదాని మీద ఆ లెక్క దాటొద్దు. ఆయన బరువు నేనడగను.

ఇంకొక్క మాట, ఒక్క గుర్రాన్ని ఒంటరిగా పెంచకూడదు. మందలో బతికే జీవం. వేరేవాళ్ల గుర్రాలతో కలిపి ఉంచే చోటు ముందు చూసుకుని ఆ తర్వాతే బేరమాడండి.

ఆ ఆరేళ్లది ఎక్కడికీ పోదు, అలాంటివి ఎప్పుడూ దొరుకుతాయి. పాపకి పదిహేను, పదహారు వచ్చాక ఒక పడుచుదాన్ని తెచ్చి ఈ పెద్దదాని పక్కన కట్టండి. వాగు దాటడం అది దీన్ని చూసే నేర్చుకుంటుంది.

ప్రశ్న: ఇంత చిన్నగా ఉన్నాయి, ఇవి పోనీలు (పొట్టి రకాలు) కదా మేడమ్? గుర్రాలని ఎందుకంటారు?
— రేక్యావిక్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఆ మాట నా దగ్గర అన్నారు సరే, ఏ రైతు దగ్గరా అనకండి నాయనా. భుజం దగ్గర కొలిస్తే సుమారు 140 సెంటీమీటర్లే, కొలత ప్రకారం పోనీయే. కానీ ఈ దేశంలో వందల ఏళ్ల పాటు రోడ్లంటూ లేనప్పుడు పెళ్లికైనా, చావుకైనా, వైద్యుడి కోసమైనా మనిషిని నదులు దాటించింది ఇదే. 9వ శతాబ్దంలో ఓడల్లో వచ్చి స్థిరపడినవాళ్లు తెచ్చుకున్న గుర్రాలివి, ఆ తర్వాత దాదాపు వెయ్యేళ్లుగా బయటి రక్తం కలవలేదు. 1783లో లాకి అగ్నిపర్వతం బద్దలై విషవాయువులకి పచ్చిక పాడైపోతే దేశంలో గుర్రాల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. తట్టుకుని మిగిలినవాటి సంతానమే ఇప్పుడున్నవి. నడక, ట్రాట్ (మధ్యరకం పరుగు), దౌడు అన్ని గుర్రాలకీ ఉంటాయి, వీటికి అదనంగా టోల్ట్ అనే నడక ఉంది, అందులో ఎప్పుడూ ఒక కాలైనా నేల మీదుంటుంది కాబట్టి కుదుపు తెలీదు. వెన్నునొప్పి ఉన్న మా అత్తగారు కూడా ఎక్కారు. కొన్నింటికి స్కేయ్ద్ అనే ఐదో పరుగు కూడా వస్తుంది, ఒకవైపు రెండు కాళ్లూ కలిపి వేసేది. అది పందేలకి, మీకు నాకు కాదు.

ప్రశ్న: అక్కా, మా గుర్రానికి 23. వేసవంతా బాగానే ఉంది. ఇప్పుడు డిసెంబర్‌లో బొచ్చు దట్టంగా వచ్చి గుండ్రంగా కనిపిస్తోంది, కానీ మొన్న జీను వేస్తుంటే వెన్నెముక చేతికి తగిలింది. మేత ఎదుటే ఉంది, తింటూనే ఉంది. ఏం చేయాలి?
— హెల్లా దగ్గర నుంచి

జవాబు: మీ చెయ్యి చెప్పిందే నిజం తమ్ముడూ, కన్ను చెప్పింది నమ్మకు. శీతాకాలం బొచ్చు కింద ఎంత చిక్కిపోయినా బయటికి తెలీదు. వారానికోసారి గ్లవ్ తీసి, చేతి వేళ్లు బొచ్చులోకి పోనిచ్చి పక్కటెముకల మీద, నడుం మీద తడమాలి. ఎముక మీద కాస్త మెత్తగా ఉంటే సరే. వేలి మెటికల మీద రాసుకున్నట్టు గరుకుగా తగిలితే ఆలస్యం చేయొద్దు.

ముందు నేల మీద చూడు. సగం నమిలి, తడితడిగా ఉండలు చుట్టి వదిలేసిన గడ్డి పడి ఉందా? ఉంటే పళ్లే కారణం. ఈ వయసుకి పళ్లు అరిగిపోతాయి, కొన్ని పదునుగా పెరిగి బుగ్గ లోపల గీరుకుంటాయి, కొన్ని ఊడతాయి. నువ్వు "తింటూనే ఉంది" అంటున్నావే, అది నములుతూనే ఉందేమో, లోపలికి పోతోందా అన్నది ప్రశ్న. పశువైద్యుణ్ని పిలిచి పళ్లు అరగదీయించు. నమల్లేకపోతే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన మేత పెట్టాలి. మా యోర్ప్‌కి చివరి మూడు చలికాలాలూ రోజుకి రెండుసార్లు అదే. బకెట్ చప్పుడు వింటే చాలు, పశ్చిమ గోదావరి పెళ్లిభోజనాల దగ్గర మా పెదనాన్న ఎలా నిలబడేవాడో అలా నిలబడేది.

రెండోది మంద. పడుచువి దాన్ని గడ్డి దగ్గరికి రానివ్వట్లేదేమో, ఒక గంట దూరం నుంచి నిలబడి చూడు. నిరుడు పెత్తనం చేసినదే ఈ ఏడాది వెనక్కి తగ్గుతుంది, మనుషుల్లాగే. మేత వేళకి దాన్ని పక్కకి తీసుకెళ్లి విడిగా పెట్టడం ఒక్కటే మందు. మూడోది, వేసవి వచ్చినా ఆ బొచ్చు రాలకుండా ఉండిపోయిందంటే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు ఉండొచ్చు, దానికి రక్త పరీక్ష ఉంది, మందులూ ఉన్నాయి.

చలికి దీనికేం కాదు. పొడి మంచులో హాయిగా ఉంటుంది. దీన్ని కుంగదీసేది వానా, గాలీ కలిసి కొట్టడం, దాన్నుంచి తప్పించుకునే గోడో, కొట్టమో ఉండాలి. స్వారీ మాత్రం పూర్తిగా ఆపేయకు. ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు తిప్పి వారమంతా నిలబెట్టే బదులు, వారానికి నాలుగుసార్లు అరగంట చొప్పున నిదానంగా నడిపించు. కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి. ఒళ్లు నిండేదాకా వీపు మీద బరువు వద్దు, చేత్తో పట్టుకుని నడిపిస్తే చాలు.

ప్రశ్న: మాకు స్వీడన్‌లో ఉద్యోగాలొచ్చాయి. మా 20 ఏళ్ల గుర్రాన్ని వెంట తీసుకెళ్లాలని పిల్లల కోరిక. నచ్చకపోతే రెండేళ్లకి తిరిగొచ్చేస్తాం ఎలాగూ. విమానంలో పంపే ఏర్పాటు ఉందని విన్నాం.
— కోపావోగుర్

జవాబు: మీరు తిరిగి రావచ్చు. అది రాకూడదు. ఒకసారి ఈ దేశం గడప దాటిన గుర్రాన్ని మళ్లీ రానివ్వరు, అది ఇక్కడే పుట్టినా సరే, ప్రపంచ పోటీల్లో గెలిచినా సరే. బయటి రోగాలు దీవిలోకి రాకుండా పెట్టుకున్న చట్టం. ఇక్కడి గుర్రాలకి ఆ జబ్బులు ఎప్పుడూ సోకలేదు కాబట్టి తట్టుకునే శక్తి లేదు. 2010లో ఒక దగ్గు జబ్బు దేశమంతా పాకితే ఆ ఏటి లాండ్స్‌మోత్, అంటే ఇక్కడి గుర్రాల జాతీయ పండుగ, ఆపేసి మరుసటి ఏడాదికి మార్చాల్సి వచ్చింది.

పైగా యూరప్‌లో వేసవిలో కుట్టే ఒక రకం చిన్న పురుగు ఉంది, ఇక్కడ లేదు. ఇక్కడ పెరిగి అక్కడికి వెళ్లిన గుర్రాల్లో చాలావాటికి దాని కాటు పడక ఒళ్లంతా దురద, జూలూ తోకా రక్తం వచ్చేలా రుద్దుకుంటాయి. 20 ఏళ్లు ఇక్కడి గాలి పీల్చిన ప్రాణిని ఆ బాధలోకి తోయొద్దు. చిన్న పిల్లలున్న ఇల్లెవరిదైనా చూసి ఇచ్చేయండి. నెమ్మదైన గుర్రానికి ఇక్కడ ఇల్లు దొరకడం కష్టం కాదు, "బార్నాహెస్తుర్", అంటే పిల్లల గుర్రం అని ఒక్క ముక్క రాస్తే ఫోన్లు వస్తాయి. ఇచ్చేటప్పుడు మాత్రం, వాళ్లు ఉంచుకోలేని రోజు ముందు మీకే చెప్పాలని కాగితం మీద రాయించుకోండి.

ఇదే ఉత్తరం చివర మీరడిగిన రెండోది, చూడటానికి వస్తున్న మీ తమ్ముడు తానుండే చోట వాడిన జీను తేవచ్చా అని. తేకూడదు. వాడిన జీనులు, కళ్లేలు, తోలు గ్లవ్స్ అన్నీ నిషేధం. వాడిన రైడింగ్ బట్టలు కూడా శుభ్రంగా ఉతికి, రోగక్రిములు లేకుండా చేసి తేవాలి. ఖాళీ చేతులతో రమ్మనండి, పచ్చళ్లు తెస్తే మరీ మంచిది.

ప్రశ్న: మా అమ్మాయికి 14. చిన్నప్పటి నుంచి ఎక్కిన గుర్రం ఇప్పుడు "స్లో" అట, క్లబ్బులో ఫ్రెండ్స్ ముందు సిగ్గట.
— హాఫ్నార్‌ఫ్యోర్దుర్

జవాబు: సిగ్గుపడనివ్వండి, వయసు అలాంటిది. తనకి నిజంగా ఇంకాస్త ఉరుకు కావాలి, అందులో తప్పు లేదు. క్లబ్బులో ఎవరిదైనా చురుకైనదాన్ని సీజన్‌కి అద్దెకి ఇప్పించండి. పాతదాన్ని తన చెల్లికో, పక్కింటి పిల్లకో నేర్పే బాధ్యత తనకే అప్పజెప్పండి. పగ్గం పట్టుకుని పక్కన నడుస్తూ ఇంకో పిల్లకి చెప్పేటప్పుడు తెలుస్తుంది ఆ గుర్రం తనకి ఎన్ని నేర్పిందో. మా అమ్మాయి విషయంలో అదే జరిగింది, నేనేమీ తెలివిగా చేసింది కాదు, పక్కింటివాళ్లు పిల్లని తెచ్చి దింపేసిపోయారు.

ప్రశ్న: మా గుర్రానికి 28. లేవడానికి కష్టపడుతోంది. పక్క రైతు చాలా మంచివాడు, "చలికాలం రాకముందే పంపించేయండి" అన్నాడు. పంపించడమంటే కబేళాకి! ఇంట్లో మనిషిలాంటిదాన్ని. పిల్లలు రెండు రోజులుగా అన్నం తినలేదు. వీళ్లకి మనసు లేదా అక్కా?
— ఆకురేయ్రి

జవాబు: ఉందమ్మా. ఆ రైతు మీ మంచికే చెప్పాడు, సగం మాట వరకు నేనూ ఆయన పక్షమే.

ఇక్కడ గుర్రం మాంసం తినడం పాత అలవాటు. 1000వ సంవత్సరంలో దేశం క్రైస్తవంలోకి మారినప్పుడు కూడా అది కొన్నాళ్లు తినేలా మినహాయింపు పెట్టించుకున్నారు, తర్వాత తీసేశారనుకోండి. పాతికేళ్లు సేవ చేసిన గుర్రాన్ని కళ్లనీళ్లు పెట్టుకుంటూ పంపే రైతులున్నారు. మనకి మింగుడుపడదు, నాకూ పడలేదు. మీరు అలా పంపనక్కర్లేదు. పశువైద్యుడు ఇంటి దగ్గరికే వచ్చి ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చుతారు. పూడ్చడానికి ఎక్కడ అనుమతి ఉందో ముందే మున్సిపాలిటీలో కనుక్కోండి, నేల గడ్డకట్టాక గొయ్యి తవ్వడం యంత్రానికి కూడా కష్టం.

ఆయన చెప్పినదాంట్లో కాదనలేనిది "చలికాలం రాకముందే" అన్న ముక్క. సెప్టెంబర్‌లో లేవడానికి కష్టపడేది జనవరి చీకట్లో, మంచులో జారి పడితే లేవదు. రాత్రంతా అలా పడి ఉంటే పొద్దున మీరు చూసేది మీ పిల్లలు జన్మలో మర్చిపోరు. మేం యోర్ప్ విషయంలో ఒక నెల ఆలస్యం చేశాం. "ఇంకొన్నాళ్లు" అన్నది దాని కోసం కాదు, మా కోసమే.

పిల్లలకి దాచొద్దు. రోజు ముందే చెప్పండి. ఆ ముందురోజు మాలిష్ చేయనివ్వండి, తోక వెంట్రుకలు కొన్ని కత్తిరించి దాచుకోనివ్వండి. ఆ క్షణంలో దగ్గర ఉండాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి. మా అమ్మాయి ఉంటానంది, అబ్బాయి ఉండనన్నాడు, ఇద్దర్నీ అలాగే ఒప్పుకున్నాం.

తోటి గుర్రాన్ని మాత్రం మర్చిపోకండి. వీలైతే దాన్ని దగ్గరికి రానివ్వండి, వాసన చూసుకుని తనంతట తనే వెళ్లిపోతుంది. చూడకుండా తీసుకెళ్లిపోతే రోజుల తరబడి గేటు దగ్గర నిలబడి సకిలిస్తుంది. ఆ రాత్రి అది ఒంటరిగా ఉండకుండా, ఆ రైతునే అడిగి ఒక గుర్రాన్ని ముందే తెచ్చి పక్కన కట్టించండి. ఆయన కాదనడు.